నాలుగున్నర అంగుళాల గోడకి 55 అంగుళాల టీవీ: తీగలు కనపడకుండా బిగించడం ఎలా?

ప్రశ్న (శ్రీకాకుళం నుంచి)

అందరికీ నమస్కారమండీ. హాల్లో 55 అంగుళాల టీవీ గోడకి పెట్టాలి. స్టాండు లేకుండా బరువు 14.5 కిలోలు. గోడ రెండు గదుల మధ్య నాలుగున్నర అంగుళాల ఎర్ర ఇటుక గోడ. ప్లాస్టరు, లప్పం, రంగు అన్నీ అయిపోయాయి. స్విచ్‌బోర్డు టీవీ చోటికి కుడివైపు నాలుగడుగుల దూరంలో ఉంది. సెట్‌టాప్ బాక్సు, నెట్ బాక్సు, సౌండ్‌బార్ కూడా ఉన్నాయి. ఒక్క తీగ కూడా కనపడకూడదని ఇంట్లో పట్టు. బోర్డు నుంచి అడ్డంగా గాడి కొట్టి, టీవీతో వచ్చిన పవర్ తీగనే అందులో పెట్టి ప్లాస్టరు చేసేస్తానంటున్నాడు పనివాడు. సరేననొచ్చా?

జవాబు (వైరింగ్ పని, విజయనగరం)

వద్దు మాస్టారూ, ఆ పని మాత్రం ఆపించండి. టీవీతో వచ్చేది బయట వేలాడడానికి చేసిన మెత్తటి తీగ. సిమెంటులో పూడ్చడానికి కాదు. పైగా దాని ప్లగ్గు గాడిలో పట్టదు కాబట్టి మధ్యలో కోసి, టేపు చుట్టి అతుకు పెడతారు. గోడ తడి పీల్చినప్పుడు మొదట చెడేది ఆ అతుకే. అప్పుడు గోడ పగలగొట్టడం తప్ప దారి ఉండదు.

సరైన పద్ధతి ఇది. టీవీ వెనక గోడలో ఒక 6 ఆంపియర్ల మూడు రంధ్రాల సాకెట్ కొత్తగా పెట్టించండి. బోర్డు నుంచి అక్కడికి పీవీసీ పైపులో 1.5 చదరపు మి.మీ. రాగి తీగలు మూడు రావాలి: ఫేజు, న్యూట్రల్, ఎర్త్. ఐఎస్‌ఐ గుర్తున్న, మంట పాకనివ్వని ఎఫ్ఆర్ తీగే కొనండి. ఈ సైజు టీవీ లాగేది ఒక ఆంపియరు లోపే, తీగకి అది లెక్కలోకి రాని భారం. ఎర్త్ తీగ ఎందుకులే అని మానేస్తారు కొందరు, ఒప్పుకోవద్దు. బిగించాక మీటరుతో చూడండి. ఫేజుకి న్యూట్రల్‌కి మధ్య 230 వోల్టులొస్తే ఫేజుకి ఎర్త్‌కి మధ్య కూడా ఇంచుమించు అంతే రావాలి. బాగా తక్కువొస్తే ఇంటి ఎర్తింగే పని చేయట్లేదని అర్థం. ముందు అది సరిచేయించాలి.

సిగ్నల్ తీగలకి పైపు వేరు. పవర్ పైపులో హెచ్‌డీఎంఐ, డిష్ తీగ కలిపి దూర్చకూడదు. 50 మి.మీ. పైపు వేస్తే ఏ ప్లగ్గయినా సులువుగా దూరుతుంది.

సాకెట్ ఎక్కడ పెట్టాలన్నది అందరూ తప్పు చేసే చోటు. గోడకి అతుక్కునే ఫిక్స్‌డ్ బ్రాకెట్ అయితే టీవీకీ గోడకీ మధ్య 3 సెం.మీ. ఖాళీ ఉంటే గొప్ప. ప్లగ్గు 4, 5 సెం.మీ. ముందుకి పొడుచుకొస్తుంది. సాకెట్‌ని సరిగ్గా టీవీ నడుమ పెడితే బ్రాకెట్ పట్టీకి తగులుతుంది, లేదా టీవీ గోడకి ఆనదు. అందుకని రెండు పట్టీలకీ మధ్య కాకుండా, టీవీ కింది అంచుకి 8, 10 సెం.మీ. పైన పెట్టండి. సాకెట్ బాక్సుని గోడలోకి ఒక అంగుళం లోతుగా దించండి, లేదా పక్కకి తిరిగే బల్లపరుపు ప్లగ్గు వాడండి. అప్పుడు కింద నుంచి చెయ్యి పెట్టి ప్లగ్గు లాగొచ్చు. మన వైపు పిడుగులు పడే కాలంలో ఈ వీలు చాలా ముఖ్యం. గోడ మీద స్విచ్చు ఆపితే తెగేది ఫేజు ఒక్కటే, న్యూట్రల్ టీవీకి తగిలే ఉంటుంది.

జవాబు (ఇళ్ల కట్టడం పని, బొబ్బిలి)

పై జవాబులో 50 మి.మీ. పైపు మాట ఈ గోడకి కుదరదండీ. నాలుగున్నర అంగుళాలంటే సుమారు 115 మి.మీ. నిలువు గాడి గోడ మందంలో మూడో వంతు మించకూడదు, అంటే 38 మి.మీ. అడ్డ గాడి ఆరో వంతు, అంటే 19 మి.మీ. మాత్రమే. 50 పైపు తొమ్మిది అంగుళాల గోడకి పెట్టుకోండి. ఇక్కడ సిగ్నల్‌కి 32 మి.మీ., పవర్‌కి 20 మి.మీ. చాలు. 32 పైపు మీద 10 మి.మీ. ప్లాస్టరు కప్పినా, పాత ప్లాస్టరు 12 నుంచి 15 మి.మీ. తీసేస్తే ఇటుకలోకి 30 మి.మీ. వరకే వెళ్తుంది.

అదే లెక్కన బోర్డు నుంచి నాలుగడుగులు అడ్డంగా కొట్టడం అసలు వద్దు. ఈ గోడ ఆ పొడవునా నడుం విరిగినట్టవుతుంది. అవతలి గదిలో టీవీ చోటుకి దగ్గరగా బోర్డు ఉందేమో ముందు చూడండి. ఉంటే అటునుంచి నిలువుగా కొంత గాడి, గోడకి ఆరపార ఒక బెజ్జం, పని అయిపోతుంది. లేకపోతే బోర్డు నుంచి నిలువుగా కిందికి స్కర్టింగు దాకా దించి, అక్కడి నుంచి టీవీ కింద పెట్టే బల్ల వెనకగా గోడ మీదే కేసింగ్ పట్టీలో (తీగలు దాచే ప్లాస్టిక్ పట్టీ) నడిపి, మళ్లీ నిలువుగా పైకి ఎక్కించండి. బల్ల అడ్డం ఉంటుంది కాబట్టి ఆ పట్టీ ఎవరికీ కనపడదు. పైపులు రెండూ వీలైతే 15 సెం.మీ. ఎడంగా వేయించండి. అప్పుడు మధ్యలో ఇటుక గట్టిగా మిగులుతుంది.

గాడి దారిలో పిల్లరు, లింటెలు, బీము తగిలితే అక్కడితో ఆగాలి. కాంక్రీటు కోస్తే లోపలి ఇనుముకి గాలీ తేమా తగిలి తుప్పు మొదలవుతుంది.

సుత్తీ ఉలీ పెట్టి బాదించకండి. కట్టర్‌తో రెండు గీతలు కోసి, మధ్య భాగం చిన్న ఉలితో తీయించండి. సన్న గోడ బాదితే అవతలి గది ప్లాస్టరు డొల్ల అవుతుంది. పైపు పెట్టాక సన్న తీగల జాలీ కొట్టి 1:4 సిమెంటు మాలుతో పూడ్చాలి. జాలీ గాడికి రెండువైపులా రెండేసి అంగుళాలు దాటాలి. అది లేకపోతే నెల తిరక్కుండా పైపు పొడవునా సన్నటి బీట పడుతుంది. వారం రోజులు తడపండి. బాగా ఆరాకే లప్పం, రంగు. పచ్చి మీద రంగేస్తే పొరలుగా లేస్తుంది.

ప్రశ్న (శ్రీకాకుళం నుంచి)

అవతలి గదిలో బోర్డు ఉందండీ, టీవీ నడుమకి అడుగున్నర దూరమే. ధన్యవాదాలు. బ్రాకెట్ ముందుకి లాగి తిప్పేది కొందామనుకుంటున్నాం, ఈ గోడ ఆగుతుందా? ఎంత ఎత్తులో పెట్టాలి?

జవాబు (ఇళ్ల కట్టడం పని, బొబ్బిలి)

లెక్క చూడండి. టీవీ 14.5 కిలోలు, బ్రాకెట్ చెయ్యితో కలిపి 18 అనుకుందాం. 50 సెం.మీ. ముందుకి లాగారు. గోడ పట్టీలో పై బోల్టుకీ కింది బోల్టుకీ 20 సెం.మీ. దూరం ఉంటే, పై వరసని గోడ నుంచి పీకే బలం 18ని 50తో గుణించి 20తో భాగిస్తే 45 కిలోలు. పిల్లలు పట్టుకుని ఊగితే ఇంకా పెరుగుతుంది. తొమ్మిది అంగుళాల గోడకి నిశ్చింతగా సరే అంటాను. మీ గోడకి ఫిక్స్‌డ్ గానీ, కొద్దిగా కిందికి వంగే టిల్ట్ గానీ తీసుకోండి. టిల్ట్ అయితే ప్లగ్గులకి చోటు కూడా దొరుకుతుంది.

గోడ పట్టీకి 10 మి.మీ. నైలాన్ ప్లగ్గులు, వాటికి సరిపడే షడ్భుజి తల మరలు. ఇటుకలో ఇనుప యాంకర్ ఫాస్టెనర్ వాడితే బిగించేకొద్దీ ఇటుక పగులుతుంది. అది కాంక్రీటుకే. బెజ్జం 70 మి.మీ. లోతు, బిట్ మీద టేపు చుట్టి గుర్తు పెట్టుకోండి. మొదటి 12, 15 మి.మీ. ప్లాస్టరు బలం లెక్కలోకి రాదు, పట్టు అంతా ఇటుకదే. బిట్‌తో వచ్చే పొడి ఎర్రగా ఉంటే ఇటుక. తెల్లగా, తేలిగ్గా, ఊదితే ఎగిరిపోయేలా వస్తే ఏఏసీ బ్లాకు, అంటే తేలికపాటి కాంక్రీటు ఇటుక. దానికి హ్యామర్ ఆపేసి తిప్పుడు మీదే కొట్టాలి, ప్లగ్గు కూడా ఆ బ్లాకులకని చేసినదే కావాలి. బిట్ హఠాత్తుగా లోపలికి జారితే రెండిటుకల మధ్య సందు తగిలినట్టు. ఆ బెజ్జం వదిలేసి 4, 5 సెం.మీ. పక్కకి జరపండి. ప్లగ్గు పెట్టే ముందు బెజ్జంలో పొడి ఊదెయ్యాలి. ప్లగ్గు గిర్రున తిరిగిపోవడానికి సగం కారణం ఆ పొడే.

బోర్డుకి నేరుగా పైనా కిందా బెజ్జం పెట్టకండి, తీగలు సాధారణంగా ఆ నిలువులోనే ఉంటాయి. డ్రిల్లుకి వేరే గది నుంచి కరెంటు తెచ్చుకుని, ఈ రెండు గదుల ఎంసీబీలూ దించేయండి.

ఎత్తు సంగతి. 55 అంగుళాల తెర ఎత్తు 68.5 సెం.మీ. సోఫాలో కూర్చుంటే కంటి ఎత్తు నేల నుంచి 105 సెం.మీ. దగ్గర ఉంటుంది, తెర నడుమ అక్కడికి రావాలి. అంటే కింది అంచు 70 సెం.మీ. దివాన్ మీదో కిందో కూర్చునే అలవాటుంటే ఇంకో 10, 15 సెం.మీ. దించండి. స్విచ్‌బోర్డు ఎత్తుని చూసి టీవీ పెట్టేవాళ్లు మెడనొప్పి కొనుక్కుంటున్నారు.

టీవీ వెనక నాలుగు బోల్టు రంధ్రాలు ప్రతిదానికీ సరిగ్గా మధ్యలో ఉండవు. కింది అంచు నుంచి పై రంధ్రాల దాకా ఎంతో కొలిచి, బ్రాకెట్ కొక్కెం దానికి ఎంత పైన ఉందో కలిపి, అప్పుడు గోడ మీద గీత గీయండి. రసమట్టం గోడ పట్టీ మీదే పెట్టి చూడాలి. గచ్చు నుంచి రెండువైపులా టేపుతో కొలిస్తే గచ్చు వాలు టీవీకి వచ్చేస్తుంది. టీవీ వైపు మరలు ఎం-6గానీ ఎం-8గానీ ఉంటాయి, పొడవు టీవీ పుస్తకంలో చూడండి. పొడవెక్కువైతే లోపలి బోర్డుకి గుచ్చుకుంటుంది. చేత్తో తిరగకుండా మొరాయిస్తే బలవంతపెట్టకండి.

జవాబు (డిష్, నెట్ కనెక్షన్ల పని, నరసన్నపేట)

రెండు మూడు మాటలు నావి కూడా. హెచ్‌డీఎంఐ ప్లగ్గు వెడల్పు 20 మి.మీ. దాకా ఉంటుంది. 32 పైపులో దూరుతుంది గానీ మూల దగ్గర ఎల్బో (పొట్టి మూల అతుకు) వేస్తే ఇరుక్కుంటుంది. పొడవాటి బెండే వేయించండి. ప్లాస్టరుకి ముందే పైపులో నైలాన్ దారం ఎక్కించి ఉంచాలి. తీగలు ఒక్కొక్కటిగా లాగాలి, కలిపి లాగాల్సి వస్తే ప్లగ్గులు ఒకదాని వెనక ఒకటి వచ్చేలా కట్టాలి. మామూలు హెచ్‌డీఎంఐ తీగ 3 మీటర్లలోపు అయితే 4కె బొమ్మకి ఇబ్బంది రాదు. 5 దాటితే బొమ్మ మిణుకుమిణుకుమనే ప్రమాదం ఉంది, అప్పుడు ఆప్టికల్ హెచ్‌డీఎంఐ వాడాలి. దానికి దిశ ఉంటుంది, టీవీ అని రాసిన కొస టీవీకే. తిరగేసి లాగితే మొత్తం మళ్లీ పీకాలి. సౌండ్‌బార్ తీగ టీవీలో ఏఆర్‌సీ అని రాసిన రంధ్రంలోనే పెట్టాలి. డిష్‌కి ఆర్‌జీ-6 తీగ, నెట్‌కి ఒక క్యాట్-6 తీగ కూడా ఇప్పుడే వేసేయండి.

సెట్‌టాప్ బాక్సుని టీవీ వెనక దాచకండి. వేడెక్కుతుంది, రిమోటూ అందదు. కింద బల్లలో గాలి ఆడే అరలో పెట్టండి. తలుపు ఉండాల్సిందే అంటే రిమోట్ సిగ్నల్‌ని లోపలికి చేరవేసే ఐఆర్ ఎక్స్‌టెండర్ కన్ను బయటికి తీయొచ్చు.

డాబా మీద నుంచి డిష్ తీగ గోడలోకి దూరే ముందు కిందికి ఒక వంపు తిప్పి తేవాలి. లేకపోతే వాన నీరు తీగ వెంటే నడిచి పైపులోకి, అక్కడి నుంచి టీవీ వెనక బాక్సులోకి వస్తుంది. తుఫాను హెచ్చరిక వస్తే పవర్ ప్లగ్గుతో పాటు డిష్ తీగా ఊడదీయండి. 2014 హుద్‌హుద్, 2018 తిత్లీ లాంటివి వచ్చే జిల్లాలు మనవి. కరెంటు తిరిగొచ్చిన వెంటనే ప్లగ్గు పెట్టకుండా, వోల్టేజి నిలకడగా ఉందని చూసుకోండి.

ప్రశ్న (సోంపేట వైపు నుంచి)

మాది సముద్రానికి దగ్గర. టీవీ గోడ బయటి గోడే, అడుగు భాగంలో చౌడు లేచి రంగు రాలుతోంది. ఇదే పద్ధతా?

జవాబు (ఇళ్ల కట్టడం పని, బొబ్బిలి)

వీలుంటే లోపలి గోడకి మార్చండి. చౌడు పట్టిన గోడలో ఇటుక మెత్తబడి ప్లగ్గు వదులవుతుంది, సాకెట్ లోపలి ఇత్తడికి చిలుం పడుతుంది. మార్చలేకపోతే ముందు బయటివైపు బీటలు పూడ్పించి, తడి ఎక్కడి నుంచి ఎక్కుతోందో ఆపించండి. ఒక వానాకాలం గడిచి గోడ పొడిగా ఉందంటేనే గాడి కొట్టండి. మరలు స్టెయిన్‌లెస్ స్టీలువే కొనండి, ఉప్పుగాలికి మామూలు మరల తలలు తుప్పుపట్టి తర్వాత విప్పడానికి రావు. సాకెట్ బాక్సు ఇనుముది కాక పీవీసీది పెట్టండి.

ప్రశ్న (విజయనగరం, అద్దె ఇల్లు)

ఇల్లుగలాయన గాడి కొట్టనివ్వరు. బెజ్జాలు నాలుగు దాకా ఒప్పుకున్నారు.

జవాబు (వైరింగ్ పని, విజయనగరం)

నాలుగు చాలు, ఫిక్స్‌డ్ బ్రాకెట్‌కి సరిపోతాయి. టీవీ కింది అంచు నడుమ నుంచి బల్ల దాకా నిలువుగా ఒకటే కేసింగ్ పట్టీ అంటించి, గోడ రంగే దానికీ వేయండి. పట్టీ అంటించే చోట గోడని పొడిగుడ్డతో తుడిస్తేనే జిగురు టేపు నిలుస్తుంది. పవర్ తీగ, సిగ్నల్ తీగలు పట్టీలో వేరువేరు అరల్లో ఉండాలి, రెండు అరల పట్టీ అని అడిగితే ఇస్తారు.

శ్రీకాకుళం వారికి చివరిగా: గాడి పూడ్చేముందే తీగలన్నీ లాగి, టీవీని కింద నిలబెట్టి 4కె బొమ్మ, సౌండ్‌బార్ శబ్దం రెండూ చూసుకోండి. అన్నీ సరిగ్గా ఉంటే తీగలతో పాటు ఖాళీ దారం ఒకటి పైపులోనే వదిలి, రెండు కొసలూ బాక్సుల్లో ముడివేయండి. రేపు కొత్త తీగ వేయాల్సి వస్తే దానితోనే లాగుతారు.