పాత మెర్సిడెస్-బెంజ్ ఎస్-క్లాస్‌లో గాలి సస్పెన్షన్‌ను నిలుపుకోవాలా, స్ప్రింగులు వేయించుకోవాలా?

పటమట_ఎస్320:
మా పెదనాన్నగారి 2002 నాటి ఎస్320, అంటే డబ్ల్యూ220 మోడల్ కారు, ఇప్పుడు నా చేతికి వచ్చింది. ఇంజిను బాగానే ఉంది. అయితే రాత్రి నిలిపిన కారు తెల్లారేసరికి కిందికి దిగిపోతోంది, స్టార్ట్ చేశాక సస్పెన్షన్‌లో గాలి నింపే కంప్రెసరు చాలాసేపు మోగితే గాని లేవడం లేదు. లోపల పైకప్పు గుడ్డ వెనుక కూర్చున్నవారి తలకు తగిలేలా జారింది, డ్యాష్‌బోర్డు చెక్క మీది పాలిషు పగిలింది. గాలి స్ట్రట్లు (ఒక్కో చక్రం దగ్గర గాలి బెలూనుతో బరువు మోసే భాగాలు) నాలుగూ తీసేసి స్ప్రింగులు వేస్తామని ఆటోనగర్‌లో ఒకరు చెప్పారు. ఒప్పుకోమంటారా?

బ్రాడీపేట_మాస్టారు:
ఒప్పుకోవద్దండి. 1998లో ఈ మోడల్ వచ్చిన నాటి నుంచీ దాని గుర్తింపే ఆ గాలి సస్పెన్షన్. బరువును బట్టి ఎత్తు సరిచూసుకోవడం, వేగం పెరిగినప్పుడు కాస్త దిగడం, రోడ్డును బట్టి షాక్ అబ్జార్బరు గట్టిదనం మార్చుకోవడం, ఇవన్నీ తీసేశాక మిగిలేది పెద్ద డొక్కు మాత్రమే. పైగా కంప్యూటరును ఏమార్చే పరికరమో, కోడింగో లేకపోతే మీటరులో హెచ్చరిక వెలుగుతూనే ఉంటుంది. నా ఇదివరకటి డబ్ల్యూ220కి గుంటూరులోని ఒక వర్క్‌షాపువారు స్ప్రింగులు వేశారు. కొన్నాళ్లకే చక్రాలను బండికి కలిపే కింది ఆర్ముల బుష్‌లు, అంటే కీళ్ల దగ్గరి రబ్బరు తొడుగులు, చిరిగిపోయాయి. ఎందుకంటే, కారు జాకీల మీద ఉండి చక్రాలు వేలాడుతుండగానే ఆ ఆర్ముల బోల్టులను పూర్తిగా బిగించారు. కారును నేలకు దించగానే బుష్‌లోని రబ్బరు మెలిపడి, ఆ మెలికతోనే రోజూ తిరిగింది.

ఆటోనగర్_పనివాడు:
మాస్టారూ, మీరు చెప్పింది బోల్టు బిగింపు గురించి. అందులో స్ప్రింగు చేసిన తప్పేముంది? గాలి స్ట్రట్టు వేసినా అలా బిగిస్తే బుష్ అలాగే చిరుగుతుంది. రెండు కొత్త గాలి స్ట్రట్లకయ్యే డబ్బుతో నాలుగు చక్రాలకూ స్ప్రింగుల సెట్టు వచ్చేస్తుంది. ఇక గాలి పని మాకు తెలియదనుకోకండి, హైదరాబాదు వెళ్లే వోల్వో బస్సుల బెలూన్లు మా వీధిలో మార్చేవాళ్లున్నారు.

బెంజిసర్కిల్_బాబ్జీ:
2002 కారుకు పదిహేనేళ్లు 2017లోనే నిండాయి. ఇక ఐదేళ్లకోసారి రిజిస్ట్రేషన్ రెన్యువల్, అంటే మళ్లీ 2027లో. అంతవరకు తిరిగితే చాలదా?

మంగళగిరి_రామ్:
కారు ఏ మూల దిగుతోందో ముందు చెప్పండి. ఒక్క మూలే దిగితే ఆ బెలూనునో, దానికి వెళ్లే పైపునో అనుమానించాలి. ముందు చక్రాల వైపు రెండు మూలలూ సమానంగా దిగితే, బెలూన్లకు గాలి పంచే వాల్వు బ్లాకును కూడా చూడాలి. నాలుగు స్ట్రట్ల మాట తర్వాత.

బ్రాడీపేట_మాస్టారు:
బస్సు బెలూనుకూ ఈ స్ట్రట్టుకూ పోలిక లేదు. బస్సులో బెలూను వేరు, షాక్ అబ్జార్బరు వేరు, ఒకటి పోతే అదొక్కటే మార్చుకోవచ్చు. ఇందులో షాక్ అబ్జార్బరు చుట్టూ బెలూను తొడిగి రెండూ ఒకే భాగంగా వస్తాయి. ఇక బుష్ సంగతి. ఆ బోల్టును చక్రాల మీద బరువు పడ్డాకే బిగించాలని ఎన్నిసార్లు చెప్పినా ‘మాకు తెలుసులెండి’ అనే సమాధానమే వచ్చింది. బిల్లు అడిగితే చిన్న కాగితం మీద మొత్తం మాత్రం రాసిచ్చారు. తిరిగి వెళితే పార్టుదే లోపమన్నారు.

లబ్బీపేట_శారద:
సస్పెన్షన్ సంగతి మీరు తేల్చుకోండి, నేను లోపలి పని గురించి చెబుతాను. ఇలాంటి పాత కార్లలో చాలావరకు పైకప్పు గుడ్డ చెడదు, దాని వెనుక ఉండే పలుచటి ఫోము వేడికీ తేమకూ పొడి అయిపోతుంది. సూదులు గుచ్చో, అంచు ఎత్తి జిగురు పోసో చేసే మరమ్మతు మే నెల ఎండకు నిలవదు. బోర్డును మొత్తం బయటికి తీసి, వేలికి పసుపులా అంటుకునే ఆ పొడిని బ్రష్షుతో పూర్తిగా రాల్చి, ఫోము అంటించి ఉన్న కొత్త గుడ్డను వేడి తట్టుకునే జిగురుతో మధ్య నుంచి అంచులకు అదుముతూ పరచాలి.

చెక్క విషయంలో ఇంకా జాగ్రత్త కావాలి. పైన కనిపించే వాల్‌నట్ పొర మందం ఒక మిల్లీమీటరు కూడా ఉండదు. తలుపులకు పాలిషు పెట్టేవారికి ఇస్తే ఉప్పుకాగితం పట్టి రెండు రుద్దుల్లో పొర దాటేస్తారు. పగిలిన పాలిషును మాత్రమే ఓపికగా తీసి, పీయూ (పాలీయురేథేన్) పాలిషు పలుచగా పలుమార్లు కొట్టించుకోండి.

ఆటోనగర్_పనివాడు:
మాస్టారూ, బిల్లు మాట మీరే ఎత్తారు కాబట్టి అడుగుతున్నాను. మీ స్ప్రింగులు ఎవరు కొన్నారు?

బ్రాడీపేట_మాస్టారు:
ఆన్‌లైన్‌లో నేనే తెప్పించాను. అయితే ఏమిటి?

ఆటోనగర్_పనివాడు:
అదేనండీ అసలు సంగతి. ఎక్కడ చవకో వెతికి పార్టు మీరు కొంటారు, కూలి దగ్గర బేరమాడతారు, పూచీ మాత్రం మొత్తం మా నెత్తిన పెడతారు. నేను వేసిన గాలి స్ట్రట్టు బాగానే ఉన్నా, ఏడాది తర్వాత కంప్రెసరుకు కరెంటు ఇచ్చే స్విచ్చు, అంటే రిలే, అతుక్కుపోయి కంప్రెసరు ఆగకుండా తిరిగి కాలిపోతే కారు నా గుమ్మం ముందుకే వస్తుంది. రిలే కూడా మార్చుకోమని ఆనాడు చెబితే, డబ్బు గుంజడానికే చెబుతున్నానంటారు. స్ప్రింగులు వేసి పంపితే ఆ గొడవే ఉండదు. నేను స్ప్రింగులని చెప్పేది అందుకే.

బ్రాడీపేట_మాస్టారు:
అంటే ఇది కారుకు మంచిదని కాదు, మీకు మనశ్శాంతి అని చెబుతున్న సలహా. ఆ మాట మొదటే అని ఉంటే ఇంత చర్చ ఉండేది కాదు. నేను ఆటోనగర్ చేతిపనిని తప్పు పట్టలేదు. ఏ పార్టు వేశారో, ఎన్నాళ్లు బాధ్యత వహిస్తారో రాసిచ్చి సంతకం పెట్టమన్నాను, అంతే.

ఆటోనగర్_పనివాడు:
రాసిస్తాను. పార్టు నేనే కొంటాను, రిలే, కంప్రెసరు, పైపులు చూసి ఏది మార్చాలంటే అది మార్చనివ్వాలి, కూలి నేను చెప్పినంత ఇవ్వాలి. ఇలా ఒప్పుకున్నవారికి గాలి స్ట్రట్లే వేస్తాను.

బెంజిసర్కిల్_బాబ్జీ:
ఇంతకీ కారు యజమాని ఎటు వెళ్లారు?

పటమట_ఎస్320:
ఇక్కడే ఉన్నానండి. రామ్ గారు అడిగాక రెండు రాత్రులు చదునైన చోట నిలిపి చూశాను. వెనుక భాగం కదలలేదు, ముందు కుడివైపు మాత్రమే దిగింది.

మంగళగిరి_రామ్:
అయితే నాలుగూ పీకే పని లేదు. ఆ మూల పైపు బిగింపు దగ్గరా, బెలూను మీదా సబ్బునీళ్లు పోసి బుడగలు వస్తున్నాయేమో చూడమనండి. జాకీ ఎత్తే ముందు సస్పెన్షన్ రిలే పీకడం మరవద్దు. చక్రం గాలిలో ఉండగా వ్యవస్థ ఎత్తు సరిచేయబోతే కింద చెయ్యి పెట్టినవారికి ప్రమాదం.

ఆటోనగర్_పనివాడు:
ఆదివారం పొద్దున్నే తీసుకురండి. లీకు చూసినందుకు వేరే, పని చేసినందుకు వేరే కూలి ఇవ్వాలి.

బ్రాడీపేట_మాస్టారు:
ఆ రెండు కూలీలూ, పార్టు పేరూ కాగితం మీద వేయించుకోండి. స్ట్రట్టు మార్చవలసి వచ్చి ఆర్ము బోల్టు వదులు చేస్తే, కారు నాలుగు చక్రాల మీద తన అసలు ఎత్తులో నిలిచాకే చివరి బిగింపు.