అలసందల స్కిలెట్ మీద కార్న్‌బ్రెడ్: పిండిలో చక్కెర వెయ్యాలా, వద్దా?

కడప_కోడలు (అలబామా):
జనవరి 1న ఇక్కడ అలసందలు తినడం ఆనవాయితీ. అవి చిల్లర నాణేలకు గుర్తట, పక్కన ఆకుకూర నోట్లకు, కార్న్‌బ్రెడ్ (మొక్కజొన్న పిండి రొట్టె) బంగారానికి. ఒకే గిన్నెలో పని అయిపోతుందని ఇనప స్కిలెట్‌లో (మందపాటి పెనంలో) అలసందల కూర వండి, పైన కార్న్‌బ్రెడ్ పిండి పోసి ఓవెన్‌లో పెట్టాను. పిండిలో 2 స్పూన్ల చక్కెర వేశాను. పక్కింటి పెద్దావిడ ఒక ముక్క నోట్లో పెట్టుకుని "కేక్ బాగుంది" అంది. నాకు తల కొట్టేసినట్టయింది. ఆఫీసులో ఆఫ్రికన్ అమెరికన్ స్నేహితురాలేమో, వాళ్ళమ్మ చక్కెర లేకుండా ఎప్పుడూ చెయ్యదంటుంది. ఎవరి మాట వినాలి?

పెనంబాబు:
పెద్దావిడ మాటే వినండి. తెల్ల మొక్కజొన్న పిండి, బటర్‌మిల్క్, గుడ్డు, బేకన్ (పొగబెట్టిన పంది మాంసం) కొవ్వు, అంతే. తీపి కావాలంటే తినేటప్పుడు తేనె పోసుకోవచ్చు. చక్కెర వెయ్యడం అమెరికా ఉత్తరాది వాళ్ళ అలవాటు.

బెల్లంముక్క:
పెనంబాబు గారూ, ఆ అలసందలు అమెరికాకి ఎలా వచ్చాయో చూడండి. పశ్చిమ ఆఫ్రికా పంట అది. బానిసలుగా పట్టుకొచ్చిన మనుషులతో పాటు వచ్చింది. వాళ్ళ వారసుల ఇళ్ళల్లో చాలాచోట్ల కార్న్‌బ్రెడ్ తియ్యగానే ఉంటుంది. వాళ్ళది అమెరికా దక్షిణాది వంట కాదంటే ఎలా?

పెనంబాబు:
కాదని నేనెక్కడన్నానండీ! సరే, "ఉత్తరాది అలవాటు" అన్నమాట వెనక్కి తీసుకుంటున్నా. నా స్కిలెట్‌లో మాత్రం వెయ్యను.

తిరగలి:
గొడవంతా పిండి దగ్గరుంది. రాతి మరలో విసిరిన పిండిలో గింజ మొలకభాగం కూడా ఉంటుంది. అందులో నూనె ఉంటుంది, రుచీ ఉంటుంది, కాకపోతే తొందరగా ముక్కవాసన వస్తుంది. ఉక్కు రోలర్ల మిల్లులు వచ్చాక ఆ భాగం తీసేసి, నెలల తరబడి నిలవ ఉండే పిండి అమ్మారు. అది చప్పన. ఆ లోటు పూడ్చడానికే చక్కెర దూరిందని ఒక వాదన ఉంది, నాకు సబబుగానే అనిపిస్తుంది. మీ ప్యాకెట్ మీద "స్టోన్ గ్రౌండ్" అని ఉంటే చక్కెర అక్కర్లేదు. లేకపోతే ఒక స్పూను వేసుకోండి, ఎవరూ కేసు పెట్టరు.

ఇంకో సంగతి. అసలు కార్న్‌బ్రెడ్ అంటేనే అడుగున కట్టే కరకరలాడే పెచ్చు. కాలిన స్కిలెట్‌లో కొవ్వు వేసి పిండి పొయ్యగానే చుయ్యిమనాలి. మీరు కూర మీద పోశారు కాబట్టి ఆ పెచ్చు రానే రాదు, అడుగుభాగం ఆవిరి కుడుములా ఉడుకుతుంది. ఇక మిగిలేది పైభాగమే. అది ఎర్రగా కాలడానికి కొంచెం చక్కెర పనికొస్తుంది కూడా.

కొత్తకాపురం:
అక్కా, మీది కనీసం కేక్ అయింది. నేను హైదరాబాద్‌లో "కార్న్ ఫ్లోర్" ప్యాకెట్ తెచ్చి చేశా. మంచూరియాకి వాడే ఆ తెల్ల పిండి! అలసందల మీద గంజి పోసి ఎండబెట్టినట్టు వచ్చింది. మా ఆయన నవ్వు ఇంకా ఆగలేదు.

తిరగలి:
అయ్యో అమ్మా, అది గంజిపొడి. మీకు కావాల్సింది పసుపుపచ్చ మొక్కజొన్న పిండి, కాస్త రవ్వగా ఉంటే ఇంకా మేలు.

కడప_కోడలు (అలబామా):
నిన్న మళ్ళీ చేశా, చక్కెర లేకుండా. అలసందలు రాత్రి నానబెట్టి, మెత్తబడేదాకా ఉడికించి, ఉల్లి, క్యాప్సికం, టమాటాతో వండాను. ఇంట్లో మాంసం తినం, అందుకని పొగవాసనకి స్మోక్‌డ్ పాప్రికా (పొగబెట్టిన మిరప పొడి) వేశా. మొదటిసారి నడిమి భాగం పచ్చిగా ఉండిపోయింది, కూర చల్లారాక పిండి పోశాను మరి. ఈసారి కూర కుతకుతా ఉడుకుతుండగానే పిండి పల్చగా పరిచి, 425 ఫారెన్‌హీట్‌లో 25 నిమిషాలు ఉంచా. టూత్‌పిక్‌కి ఏమీ అంటలేదు.

పెద్దావిడకి స్కిలెట్‌తో సహా పంపించా. పొద్దున తిరిగొచ్చింది, ఖాళీగా. లోపల నూనె రాసి మరీ ఇచ్చింది. ఇంతకీ దీన్ని సబ్బుతో కడగొచ్చా?

పెనంబాబు:
సబ్బా!! వద్దు.

బెల్లంముక్క:
నేను కడుగుతా. ఏమీ కాదు.

తిరగలి:
దానికి వేరే చర్చ మొదలుపెట్టండి బాబూ, ఇక్కడొద్దు.