పొలంలో మోటారు పోయింది, కాగితం తీసుకున్నారు గానీ కేసు కట్టలేదు. ఏం చేయాలి?

ప్రశ్న: మాది శ్రీకాకుళం జిల్లా, వంశధార ఎడమ కాలువ కింద పల్లె. కాలువ నీళ్లు మా దాకా రావు, బోరే దిక్కు. పది రోజుల కిందట రాత్రి మోటారు, కేబుల్ వైరు ఎత్తుకెళ్లారు. పొద్దున చూస్తే కోసిన పైపు ముక్క, పగిలిన స్టార్టర్ డబ్బా మిగిలాయి. నాన్న స్టేషన్‌కి వెళ్తే కాగితం తీసుకుని టేబుల్ అద్దం కింద పెట్టి "రేపు రా" అన్నారు. మూడుసార్లు తిరిగాడు. నిన్న, "ఆ పొలం మా పరిధి కాదు" అన్నారు. వరి పొట్ట మీద ఉంది. నాన్నకి నిద్ర లేదు, మాకు టెన్షన్. దారి చెప్పండి మాస్టారూ.

జవాబు: తమ్ముడూ, కాగితంలో మోటారు విలువ రాశారా? సొత్తు 5 వేల లోపైతే మేజిస్ట్రేట్ ఉత్తర్వు లేకుండా పోలీసులు దర్యాప్తు చేయలేరు. పైనైతే నేరుగా కేసు కట్టాలి.

ప్రశ్నించినవారు: రాయలేదు. 22 వేలకు కొన్నాం, బిల్లుంది.

జవాబు: అయితే విలువతో మళ్లీ రాయండి. పరిధి కాదన్న మాట చెల్లదు. 2024 జులై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ నాగరిక సురక్షా సంహిత 173వ సెక్షన్ ప్రకారం నేరం ఎక్కడ జరిగినా ఫిర్యాదు తీసుకోవాలి, దాన్నే జీరో ఎఫ్ఐఆర్ అంటారు. ఎఫ్ఐఆర్ కాపీ ఉచితంగా మీ చేతికివ్వాలి. అడగడానికి మొహమాటపడొద్దు, అది దయ కాదు, మీ హక్కు. ఇలాంటి నేరాల్లో ఎఫ్ఐఆర్ తప్పనిసరని లలిత కుమారి కేసులో సుప్రీంకోర్టు 2013లోనే చెప్పింది. "ముందు విచారిస్తాం" అంటే దానికి డీఎస్పీ అనుమతి కావాలి, 14 రోజుల్లో తేల్చాలి.

అప్పటికీ కదలకపోతే అదే ఫిర్యాదు ఎస్పీ గారికి రిజిస్టర్ పోస్టులో పంపండి, రసీదు దాచుకోండి. సోమవారం ఎస్పీ ఆఫీసులో అర్జీలు తీసుకుంటారు, అక్కడా ఇవ్వొచ్చు. ఆ తర్వాతే మేజిస్ట్రేట్ దగ్గరకు, అదే సంహిత 175(3) సెక్షన్ కింద, అఫిడవిట్‌తో (ప్రమాణ పత్రంతో) వెళ్లాలి.

ఇంకొకరు: మా బండి పోయినప్పుడు ఎఫ్ఐఆర్ అయ్యాక అంతా అయిపోయిందనుకుని ఊరుకున్నాం. నెలలు గడిచాయి. తర్వాత తెలిసింది, దర్యాప్తు ఎంతవరకు వచ్చిందో 90 రోజుల్లోపు ఫిర్యాదుదారుకి చెప్పాలని. కాబట్టి తేదీ రాసి పెట్టుకో బాబూ. ఇంకోటి, మోటారు నంబరు తప్పక రాయి. పాత ఇనుము కొట్లో దొరికితే అది మీదేనని చెప్పేది ఆ నంబరే.

ప్రశ్నించినవారు: వారంటీ కార్డు అమ్మ ట్రంకు పెట్టెలో దొరికిందక్కా, నంబరు స్పష్టంగా ఉంది. రేపు నాన్నతో నేనూ వెళ్తున్నాను. కాపీ చేతికొచ్చాకే తిరిగొస్తాం.