కథల్లో ‘పిచ్చిది’ అనిపించుకున్న ఆడవాళ్లకి నిజంగా జబ్బేనా?

పేజీమడత:
నిన్న రాత్రి షార్లట్ పెర్కిన్స్ గిల్మన్ ‘ద యెల్లో వాల్‌పేపర్’ (1892) చదివా, చిన్న కథే, కూర్చున్న చోటే అయిపోయింది గానీ నిద్రే పట్టలేదు. మొగుడే డాక్టరు, కాన్పయ్యాక నీరసపడ్డ పెళ్లాన్ని మేడమీద గదిలో ఉంచి రాయొద్దంటాడు. ఆయనొస్తున్నాడనగానే ఆవిడ రాస్తున్న కాగితాలు దాచేస్తుంది చూడండి, అక్కడ గుండె పట్టేసింది. చివరికి గోడకాగితం డిజైన్ వెనకాల ఎవరో ఆడమనిషి పాకుతోందంటుంది. నా డౌటు, ఆవిడకి ముందునుంచే జబ్బుందా, లేక ఆ వైద్యమే పిచ్చెక్కించిందా?

సిరామరక:
రెండూనండీ. అది గిల్మన్ సొంతంగా పడ్డ బాధే. 1887లో సైలస్ వెయిర్ మిచెల్ అని పేరున్న నరాల డాక్టరు దగ్గరికెళ్తే ఇల్లు చూసుకో, బుర్రకి పని రోజుకి 2 గంటలు చాలు, బతికున్నన్నాళ్లూ కలం ముట్టుకోకు అని పంపించాడట, 3 నెలలు అలాగే ఉండి మతి పోయేదాకా వచ్చి అప్పుడు మానేసింది. కథలో కూడా తొందరగా కోలుకోకపోతే మిచెల్ దగ్గరికి పంపిస్తానంటాడు మొగుడు, పేరు కూడా మార్చకుండా రాసేసింది, గట్టిదే! ఇదే మిచెల్ నరాల జబ్బున్న మగాళ్లకి మాత్రం పడమటి వైపెళ్లి గుర్రాలెక్కండి అనేవాడు.

అటకమీద:
షార్లట్ బ్రాంటీ నవల ‘జేన్ ఐర్’ (1847)లో బెర్తా గుర్తొచ్చింది, హీరో మొదటి పెళ్లాం, పిచ్చిదంటారు. పై అంతస్తులో తాళమేసి ఉంచుతారు, మనకి వినపడేది నవ్వూ, గుర్రుమనడమూ, అంతే. 1966లో జీన్ రీస్ ఆవిడ వైపు కథ రాసింది, ‘వైడ్ సర్గాసో సీ’, అందులో ఆవిడ అసలు పేరు ఆంటోనెట్, బెర్తా అనేది మొగుడు తగిలించిన పేరు. పేరుతో సహా లాక్కున్నాక ఇంకేం మిగులుద్ది చెప్పండి.

రెండోమాత్ర:
కొంచెం అడ్డం పడతా, ఏమనుకోకండి. నేను డిప్రెషన్‌కి మందులేసుకునే మనిషిని. అంతా లోకం చేసిందే అనేస్తే మా జబ్బు కాస్తా మీకు సింబల్ అయిపోద్ది. సిల్వియా ప్లాత్ ‘ద బెల్ జార్’ (1963) చూడండి, అందులో హీరోయిన్ ఎస్తర్‌కి మొదటి డాక్టరు ఏమీ వినకుండా కరెంటు షాక్ వైద్యం పెట్టిస్తాడు, అది నరకం. తర్వాత డాక్టర్ నోలన్ అదే షాక్ తోడుండి సరిగ్గా పెట్టిస్తే ఊపిరాడుతుంది. వైద్యం అదే, చేసిన తీరే వేరు కదా.

పేజీమడత:
@రెండోమాత్ర నేనలా ఆలోచించలేదండీ, నిజం. ముందు ‘బెల్ జార్’ మొదలెడతా, రాత్రిపూట మాత్రం కాదు.