దాచుకున్న రాక్ రికార్డులన్నీ వరుసగా విన్నవాళ్ళున్నారా? మీ అనుభవాలు చెప్పండి

నల్లపళ్ళెం
రిటైరయ్యాక ఒక పని పెట్టుకున్నాను. కాలేజీ రోజుల నుంచి కూడబెట్టిన రాక్ ఎల్పీలన్నీ (రెండు వైపులా పాటలుండే పెద్ద రికార్డులు) బీరువా పై అర ఎడమ చివర మొదలుపెట్టి ఒక్కటీ వదలకుండా వినడం. ఇష్టమైన పాట దగ్గరికి సూది జరపడం లేదు. ఒక వైపు పెడితే అది అయ్యేదాకా కూర్చోవాల్సిందే. ఇంగ్లీషు అక్షరాల వరుసలో పేర్చుకున్నాను, ఇప్పటికి ‘ఎల్’ దాకా వచ్చాను.

నాకు తెలిసొచ్చింది ఒకటే. ఈ పాటలు విడివిడిగా పుట్టలేదు, ఇరవై నిమిషాల చొప్పున రెండు వైపులుగా పుట్టాయి. ఇంగ్లండు రాక్ బృందం లెడ్ జెప్లిన్ నాలుగో రికార్డు (1971) తీసుకోండి. ‘స్టెయిర్‌వే టు హెవెన్’ మొదటి వైపు చివర ఉంటుంది. కుర్రతనంలో దాన్ని ఎన్నిసార్లు వేశామో, ఆ వైపంతా చిటపటలే. తిప్పి దీపం కింద పెట్టి చూస్తే రెండో వైపు ఇవాళ కొన్నట్టు నిగనిగలాడుతోంది. అక్కడ ఆఖరి పాట ‘వెన్ ద లెవీ బ్రేక్స్’. పాత బంగళాలో మెట్ల హాల్లో డ్రమ్స్ పెట్టి, మైకులు పైనుంచి వేలాడదీసి రికార్డు చేశారు. ఆ మొదటి దెబ్బలకి మా గది కిటికీ అద్దం అదిరింది. ఇంతకాలం ఇది నా ఇంట్లోనే ఉంది!

మీలో ఎవరైనా ఇలా విన్నారా? ఏం దొరికింది?

సైడ్ టూ
నమస్కారం సర్. మాది మద్రాసు. మా అన్నయ్య రికార్డుల్లో సగం మూర్ మార్కెట్‌వే, 1985లో అది తగలబడకముందు కొన్నవి. పోయినేడాది ఇద్దరం కూర్చుని బీటిల్స్ అన్నీ వరుసగా విన్నాం. ‘అబీ రోడ్’ (1969) మొదటి వైపు చివర ‘ఐ వాంట్ యు’ ఉంది కదా, దాదాపు ఎనిమిది నిమిషాలు అదే గిటార్ తిరిగి తిరిగి, వెనక హోరు పెరిగి పెరిగి, ఉన్నట్టుండి కత్తితో కోసినట్టు ఆగిపోతుంది. అది తెలియని మా వదిన కరెంటు పోయిందనుకుని ఫ్యాన్ వైపు చూసింది.

మీరన్న మాట అక్కడే అర్థమవుతుంది. ఆ నిశ్శబ్దంలో లేచి, రికార్డు తిప్పి, సూది పెడితే ‘హియర్ కమ్స్ ద సన్’. ఫోన్లో ఒకదాని వెనక ఒకటి వచ్చేస్తాయి, ఆ లేచి నడవడం ఉండదు. లేచి నడవడం కూడా ఆ రికార్డులో భాగమే అని నా నమ్మకం.

ఉక్కునగరం
ఒక్క విషయంలో ఒప్పుకోను నల్లపళ్ళెం గారూ, పాటని బట్టి ఎల్పీ ఓడిపోతుంది కూడా. పళ్ళెం నిమిషానికి 33⅓ చుట్లే తిరుగుతుంది, కానీ బయటి అంచు దగ్గర చుట్టు పెద్దది, లోపల చిన్నది. లోపలికొచ్చేసరికి సూది కింద గాడి కదిలే వేగం సగంకంటే తగ్గిపోతుంది. అందుకే వైపు చివర ఉన్న పాటలో డ్రమ్స్ పక్కనుండే ఇత్తడి తాళాలు (సింబల్స్), ‘స’కారాలు గరగరమంటాయి. మీ ‘లెవీ బ్రేక్స్’ సీడీలో కూడా ఒకసారి వినండి, తేడా తెలుస్తుంది. నేను రెండూ ఉంచుకున్నాను.

ఇంకోటి, విశాఖ గాలికి రికార్డుల మీద బూజు పడుతుంది. కుళాయి నీళ్ళు వద్దు, ఉప్పు గాడిలో మిగిలిపోతుంది. డిస్టిల్డ్ వాటర్, మెత్తటి బ్రష్, గాడి తిరిగిన దారిలోనే తుడవాలి. లేబుల్ తడవకూడదు. పూర్తిగా ఆరాకే కవర్లో పెట్టాలి. నిలబెట్టే దాచండి. మే నెలలో ఒకదాని మీద ఒకటి పేర్చి ఉంచితే వంగిపోతాయి, మళ్ళీ చదును కావు.

క్యాసెట్ కాలం
మా తరానికి ఎల్పీ కొనే స్తోమత ఎక్కడిది అన్నా! తొంభై నిమిషాల ఖాళీ క్యాసెట్, ఒక వైపు ఒక ఆల్బమ్, రెండో వైపు ఇంకోటి. డీప్ పర్పుల్ ‘మెషీన్ హెడ్’ వెనక పింక్ ఫ్లాయిడ్ ‘విష్ యు వర్ హియర్’ ఉండేది నా దగ్గర. ఇప్పటికీ ఒకటి అయిపోగానే చెవి రెండోదాని కోసం చూస్తుంది.

వరుసగా వినడం మొదలుపెట్టాను కానీ క్యాసెట్ల గొడవ వేరు. టేపు వెనక ఉండే చిన్న ఫెల్ట్ ముక్క జిగురు ఆరి ఊడిపోతుంది, అప్పుడు శబ్దం మూగబోతుంది. ప్లేయర్లో రబ్బరు బెల్టు సాగితే పాట వంకర్లు పోతుంది. వినేముందు ఒకసారి చివరిదాకా తిప్పి వెనక్కి తిప్పండి, చుట్టలు అతుక్కుని ఉంటే విడతాయి.

క్యాసెట్‌ని తక్కువ చూసేవాళ్ళకి ఒక మాట. అమెరికన్ రాక్ గాయకుడు స్ప్రింగ్‌స్టీన్ ఆల్బమ్ ‘నెబ్రాస్కా’ (1982) ఇంట్లో నాలుగు ట్రాకుల క్యాసెట్ రికార్డర్ మీద చేసిందే. బ్యాండుతో మళ్ళీ ప్రయత్నించారు, కుదరలేదు, చివరికి ఆ ఇంటి టేపునే విడుదల చేశారు. అందులో వెనక వినిపించే ‘సుయ్’ మా గదిలో వినిపించే ‘సుయ్’ ఒకటే. అందుకే అది నాకు అంత దగ్గర.

ఓరుగల్లు అమ్మాయి
అందరికీ నమస్తే. నాన్న పోయాక ఆయన రికార్డులు నాకు మిగిలాయి. నేను డాలస్‌లో ఉంటాను, సెలవుల్లో వచ్చినప్పుడల్లా హనుమకొండ ఇంట్లో కొన్ని వింటున్నాను. ప్రతి లోపలి కవర్ మీద కొన్న తేదీ, ఊరు, ధర నీలం ఇంకుతో రాసి పెట్టారు. కొన్నిటి మీద “అమ్మకి నచ్చలేదు” అని కూడా.

‘కాన్సర్ట్ ఫర్ బంగ్లాదేశ్’ మూడు రికార్డుల పెట్టె ఉంది. ఆ కచేరీ 1971లో న్యూయార్క్‌లో జరిగింది. మొదట్లోనే రవిశంకర్ బృందం శ్రుతి చేసుకుంటుంటే జనం కచేరీ అనుకుని చప్పట్లు కొడతారు. శ్రుతికే ఇంత మెచ్చుకుంటే వాయించేది ఇంకా నచ్చుతుందని ఆయన మర్యాదగా అంటారు. నాన్న ప్రతిసారీ అక్కడ నవ్వేవారు. చిన్నప్పుడు నాకు ఎందుకో తెలిసేది కాదు. మొన్న విన్నప్పుడు నవ్వొచ్చింది, ఏడుపూ వచ్చింది.

ఇల్లు అమ్ముతున్నాం. అన్నీ విమానంలో తీసుకెళ్ళలేను. దేన్ని ఉంచుకోవాలో ఎలా తేల్చుకోవాలి?

నల్లపళ్ళెం
ఉక్కునగరం గారూ, గాడి వేగం సంగతి నిజమే, సీడీ తెప్పిస్తాను.

అమ్మా, నాకూ కూతురుంది కాబట్టి చెప్తున్నాను. మార్కెట్లో దేనికి ధర పలుకుతుందో చూసి ఎంచుకోకు. ఖరీదైనవి ఎప్పుడైనా కొనుక్కోవచ్చు. మీ నాన్నగారి రాత ఉన్నవి, అందులోనూ అరిగినవి ముందు తీసిపెట్టు. ఎక్కువ అరిగిందంటే ఆయన ఎక్కువసార్లు విన్నారని. “అమ్మకి నచ్చలేదు” అని రాసినవి తప్పకుండా తీసుకెళ్ళు. చేతి సామానులో పెట్టుకో, చెక్-ఇన్‌లో వేయకు. మిగతావాటి లోపలి కవర్లన్నీ రెండు వైపులా ఫోటోలు తీసుకో.

సైడ్ టూ
మిగిలినవి పాత సామాను వాళ్ళకి తూకానికి మాత్రం ఇవ్వకండి అక్కా. వినేవాళ్ళకివ్వండి. నేను, అన్నయ్య వచ్చి తీసుకెళ్తాం, వరుసగా విని ఏది ఎలా ఉందో ఇక్కడే రాస్తాం.

ఓరుగల్లు అమ్మాయి
సరే అండీ. బంగ్లాదేశ్ పెట్టె మాత్రం నాతో వస్తుంది. మిగతా జాబితా ఆదివారం పెడతాను.