ఆటవెలదిలో ‘రాస్తి’ ఉండొచ్చా? ఒక ఇంటి పద్యం మీద చర్చ

అందరికీ నమస్తే. నా నోటుబుక్కులోంచి ఒక ఆటవెలది కింద పెడుతున్నా, చదివి చెప్పండి.

పాలు పొంగె, బడికి పాపకు జడలల్లి
బస్సు వచ్చులోగ బాక్సు సర్ది
నిన్న రాత్రి తట్టి నిలిచిన ఆ మాట
పుస్తకాన రాస్తి పొద్దుగూకి

అడగాలనుకున్నది నాలుగో పాదంలో ‘రాస్తి’ గురించి. మాది అనంతపురం పక్క, పెళ్ళయ్యాక బెంగళూరు వచ్చేసినాం, మా ఇంట్లో ఇప్పటికీ ‘నిన్ననే చెప్తి గదా’, ‘పొద్దున్నే పోతి’, ‘నేను చూస్తి’ అనే మాట్లాడతాం, అంటే జరిగిపోయిన పని. కోస్తా స్నేహితురాలికి ఈ పద్యం వినిపిస్తే ‘రాస్తి’ దగ్గర ఆగిపోయి ఇది రాస్తానా రాశానా అని అడిగింది. ‘రాశాను’ అంటే గురువు గురువు లఘువు (గురువు పలకడానికి ఎక్కువసేపు పట్టే అక్షరం, లఘువు తక్కువసేపు), అది తగణం అయిపోతుంది, సూర్యగణం, అంటే గలమో (గురువు, లఘువు) నగణమో (మూడు లఘువులు), ఉండాల్సిన చోట కూర్చోదు. ‘రాస్తి’ అయితే చక్కగా గలం. కానీ గణం కుదిరిందని మాత్రమే పెట్టలేదు, నా నోట్లో వచ్చిన మాటే అది. ఛందస్సు తెలిసినవాళ్ళు ఏమంటారు?

ఇంకో సంగతి కూడా చెప్పాలి, ఎందుకంటే ఈ పద్యం తయారైన తీరు దాంట్లోనే ఉంది. నా నోటుబుక్కు అంటే ప్రత్యేకంగా కొన్న డైరీ కాదు, ఇంటి ఖర్చుల పుస్తకమే, ముందువైపు నుంచి నందిని పాల లెక్క, ఇస్త్రీ లెక్క, మా ఆయన రాసుకున్న గ్యాసు బుకింగు నంబరు, వెనకవైపు నుంచి పద్యాలు. పద్యం మొత్తం తయారయ్యాక రాద్దాంలే అనుకుంటే మన ఇళ్ళల్లో అది ఎప్పటికీ జరగదు, అందుకని సగం సగంగానే రాస్తాను, మాట దొరకని చోట గణం ఆకారం మాత్రం వేసి పెడతా, గురువు లఘువు గుర్తులు పెట్టి చుట్టూ ఒక గడి గీస్తా. రెండో పాదం చాలా రోజులు ఇట్లాగే ఉండింది: ‘బస్సు వచ్చులోగ’ అని రాసి, ఒక గడి, ఆ తర్వాత ‘సర్ది’. ఆ గడిలో గలం కావాలి, యతికి, అంటే పాదం మొదటి అక్షరానికి జోడీగా నాలుగో గణం మొదట, బకారమో పకారమో దాని వర్గంలోదో రావాలి, అచ్చు అకారమో ఆకారమో కావాలి. ‘డబ్బా’ అనుకుంటే రెండూ గురువులే, పైగా యతి లేదు. ‘క్యారియరు’ అసలు కుదరదు. ఒకరోజు పొద్దున బిడ్డ చెప్పులేసుకుని గుమ్మంలో నిలబడి ‘అమ్మా, నా బాక్సూ’ అని గట్టిగా అరిచింది, నేను బాక్సు చేతికిచ్చి లోపలికొచ్చి ముందు ఆ గడి నింపి తర్వాత స్టవ్వు తుడుచుకున్నా. మాట ఇంట్లోనే తిరుగుతా ఉండింది, గడి గీసి పెట్టుకోకపోతే నాకు వినపడేది కాదు.

—

జవాబు, చెన్నై మాస్టారు:

అమ్మా, పద్యం బాగుంది. గణాలన్నీ సరిపోయాయి. 1, 3 పాదాల్లో మూడు సూర్యగణాలు రెండు ఇంద్రగణాలు (సూర్యగణాల కంటే పెద్దవి), 2, 4 పాదాల్లో అయిదూ సూర్యగణాలు. యతులు కూడా పా-పా, బ-బా, ని-ని, పు-పొ, నాలుగూ కుదిరాయి. ‘రాస్తి’ వ్యావహారికం, ‘వ్రాసితిని’ నుంచి ‘రాసితి’, అక్కణ్ణుంచి ‘రాస్తి’, కాబట్టి వ్యాకరణానికి అందని మాటేమీ కాదు. అయినా అన్ని ప్రాంతాలవాళ్ళకీ అర్థం కావాలంటే ‘పుస్తకాన చేరె పొద్దుగూకి’ అని మార్చండి, అదీ గలమే.

నాకు అభ్యంతరం ఉన్నది మూడో పాదంలో. ‘నిలిచిన ఆ మాట’ దగ్గర విసంధి, అంటే సంధి చేయకుండా రెండు అచ్చుల్ని పక్కపక్కన వదిలేయడం. ‘నిలిచిన యా మాట’ అనండి, లేదంటే ‘నిలిచిన దొకమాట’ అనండి, రెండోది నలం (నాలుగు లఘువులు), సలం (రెండు లఘువులు, గురువు, లఘువు) అవుతుంది, రెండూ ఇంద్రగణాలే.

—

నా జవాబు:

మాస్టారూ, ధన్యవాదాలు, అంత ఓపిగ్గా చూశారు. ‘చేరె’ నేనూ రాసి చూసుకున్నా, నోటుబుక్కులో పక్కనే ఉంది, కానీ దాంతో కర్త తేడా వస్తుంది. జడలల్లింది నేను, బాక్సు సర్దింది నేను, చివర్లో చేరింది మాట. ‘అల్లి’, ‘సర్ది’ లాంటి అసమాపక క్రియలు ఒక మనిషివి, వాక్యాన్ని ముగించే సమాపక క్రియ ఇంకొకరిది అయితే పద్యం మధ్యలో విరిగినట్టు ఉంటుంది. ‘రాస్తి’ అంటే అల్లిన చేయి, సర్దిన చేయి, రాసిన చేయి ఒకటే. నాకు ఈ పద్యంలో ముఖ్యం అదే, అందుకని ‘రాస్తి’ ఉంచేస్తా.

విసంధి మాత్రం మీరు చెప్పింది నిజమే, అయితే ‘యా మాట’ నా నోటికి రాదు, మా అత్తకి చదివి వినిపిస్తే ‘యామాట అంటే ఏం మాట’ అని అడుగుతుంది. ఆమెకి గణాలు తెలీవు, కానీ వేమన పద్యాలు లెక్కలేనన్ని వచ్చు, చదువుతుంటే మోకాలి మీద వేళ్ళతో తాళం వేస్తుంది, తాళం తప్పితే ‘ఆడ ఏదో గుంత ఉంది చూడు’ అంటుంది, చూస్తే నిజంగానే ఒక లఘువు ఎక్కువో తక్కువో ఉంటుంది. ‘నిలిచిన ఆ మాట’ దగ్గర ఆమె వేలు ఆగలేదు. ‘దొకమాట’ కూడా రాసిపెట్టుకుంటా, కొట్టివేతలతో సహా అన్నీ ఉంచడమే నా పద్ధతి. వేమన పద్యాలకి ఎన్ని పాఠాంతరాలున్నాయో మీకు తెలీనిది కాదు, నోటి మీద నడిచిన పద్యాలు గదా, బ్రౌను దొర 1829లో మద్రాసులో అచ్చు వేయించేనాటికే ఒక్కో పద్యం ఒక్కో తాటాకులో ఒక్కో రకంగా ఉండింది. మన పద్యం ఎన్ని రకాలుగా తిరిగిందో కనీసం మన పుస్తకంలో అయినా ఉండాలి.

—

జవాబు, విశాఖ చెల్లెలు:

అక్కా, పద్యం నచ్చింది, కానీ ఇంత పనిలో గణాలు యతులు ఎందుకక్కా? నానీలు రాసుకోవచ్చు కదా, కవి ఎన్. గోపిగారు 1997లో మొదలుపెట్టినవి, నాలుగు పాదాలు, 20 నుంచి 25 అక్షరాలు, అయిపోతుంది. హైకూ అయితే ఇంకా చిన్నది. నేను ఫోన్లో నోట్స్‌లో అవే కొట్టుకుంటా.

—

నా జవాబు:

చెల్లీ, నానీలు నా పుస్తకంలోనూ ఉన్నాయి, అవి తక్కువ అని కాదు. నాకు ఆటవెలది ఎందుకంటే మాట తట్టే టైముకి నా చేతులు ఖాళీగా ఉండవు. గిన్నెలు తోముతుంటేనో పిండి కలుపుతుంటేనో వస్తుంది, ఫోను పట్టుకోలేను, పెన్ను పట్టుకోలేను, చేయి కడుక్కునేలోపు వచన కవితైతే ఒక మాట జారిపోతుంది, జారిందని కూడా తెలీదు. ఆటవెలది పాదమైతే యతి పట్టుకుని ఉంటుంది, ‘బస్సు’తో మొదలైందని గుర్తుంటే తర్వాత సగం ‘బా’తో మొదలవ్వాలి కాబట్టి మళ్ళీ దొరుకుతుంది. నోటుబుక్కు దాకా చేర్చేది గణమే.

ఇంకోటి, మన వంటింటి మాటలు ఎంత మటుకు సూర్యగణాలో ఎప్పుడైనా చూశావా? ఉప్పు, పప్పు, చారు, పాలు, నూనె, కూర, నీళ్ళు అన్నీ గలాలే. చింతపండు, ఉల్లిపాయ, కూరగాయ రెండేసి గలాలు. పెరుగు, గరిట, అటక నగణాలు. ‘ఉప్పు కప్పురంబు’ అని వేమన ఎత్తుకోగానే మూడు సూర్యగణాలూ అయిపోయినాయి, అదీ ఉప్పుతో. కుక్కరు భగణం (గురువు, రెండు లఘువులు), ఇంద్రగణంగా హాయిగా కూర్చుంటుంది. ఏడిపించేవి సున్నాతో ముగిసే మాటలు, అన్నం, బియ్యం, రెండూ గురువులే, వాటి వెనక ఒక లఘువుని పట్టుకొచ్చి తగణం చేసుకోవాలి, లేదా ‘అన్నము’ అనాలి, అట్లా ఇంట్లో ఎవరూ అనరు. సిలిండరు ఇంకా కష్టం, లఘువు తర్వాత గురువుతో మొదలయ్యే గణం సూర్యుల్లో లేదు ఇంద్రుల్లో లేదు. కానీ ముందు ‘గ్యాసు’ చేర్చి చూడు, ‘గ్యాసుసి’ ఒక భగణం, ‘లిండరు’ ఇంకో భగణం, మొదటి పాదం చివర్లో రెండు ఇంద్రగణాలు రెడీ. ఇది కనిపెట్టిన రోజు నాకు ఎంత సంతోషమైందో చెప్పలేను, మా ఆయనకి చెప్తే బుకింగు చేయాలా అని అడిగాడు.

—

జవాబు, చెన్నై మాస్టారు:

సిలిండరు సంగతి చాలా బాగుంది, నేను ఎప్పుడూ ఆలోచించలేదు. ఇళ్ళల్లో పుట్టిన చిన్న పద్యాల్ని ఎవరో ఒకరు రాసిపెట్టబట్టే మనకి మిగిలాయి. ఇక్కడి ప్రాచ్య లిఖిత పుస్తక భాండాగారంలో పనిచేసిన వేటూరి ప్రభాకరశాస్త్రిగారు చాటుపద్యాల్ని, అంటే నోటి మీద తిరిగే విడి పద్యాల్ని, పట్టుదలగా వెతికి పోగుచేశారు కాబట్టి మనం చదువుకుంటున్నాం. మరి మీరు బెంగళూరులో ఉంటారు కదా, కన్నడ త్రిపదులు ఏమైనా చూశారా?

—

నా జవాబు:

చూస్తున్నా మాస్టారూ. పక్కింటి కన్నడ ఆంటీ కన్నడ కవి సర్వజ్ఞుడి త్రిపదులు చెప్తుంటారు, మూడే పాదాలు, చివర సర్వజ్ఞ అని ముద్ర. వాళ్ళ బ్రహ్మగణాలు విష్ణుగణాలు మన సూర్య ఇంద్ర గణాలకి చుట్టాలే, అందుకని అర్థం సగమే తెలిసినా నడక నాకు వెంటనే పట్టుబడింది. బాదామి దగ్గర కప్పె అరభట్టు శాసనంలోనే త్రిపది ఉందట, అది సుమారు 700 నాటిది. మీ ఊళ్ళో అయనావరంలో సర్వజ్ఞుడి విగ్రహం, మా ఊళ్ళో అలసూరు చెరువు దగ్గర తిరువళ్ళువర్ విగ్రహం, రెండూ 2009 ఆగస్టులో ఆవిష్కరించారు. అలసూరు మీదుగా పోయినప్పుడల్లా చూస్తాను, రెండు పాదాల్లో ఏడు సీర్లు (తమిళ ఛందస్సులో మన గణం లాంటివి), అట్లాంటి కుఱళ్ళు 1330 తమిళంలో రాసిన మనిషి. మన వేమనకి కూడా నాలుగు పాదాలు చాలు, నాలుగోది మకుటానికే పోయినా చెప్పాల్సింది మూడింట్లో చెప్పేశాడు. తక్కువ చోటు ఉండటం లోటు అని నేను అనుకోను.

—

జవాబు, హోసూరు నుంచి ఒక చెల్లెలు:

అక్కా, మీరు చెప్పారని నేనూ గడి గీసినా. ‘గిన్నె తోము వేళ’, ఒక గడి, ‘వచ్చె’. గడిలో ‘ఫోను’ పెట్టాలని ఉంది, గలమే కదా, సరిపోతుందా?

—

నా జవాబు:

గణం సరిపోతుంది చెల్లీ, యతి సరిపోదు. గి-కి ఫో కుదరదు, ప్రాసయతి (మొదటి అక్షరాల బదులు రెండో అక్షరాలు కలవడం) అనుకున్నా ఒకచోట ద్విత్వం న్న, ఇంకోచోట ఒంటి న. ‘గిన్నె తోము వేళ కేక వచ్చె’ అంటే యతి కుదురుతుంది, గి-కే ఒకే వర్గం, ఇ-ఏ మైత్రి. కానీ నీకు ఫోనే కావాలంటే ఫోను కదిలించొద్దు, పాదం మొదలు మార్చు: ‘పోపు వేయు వేళ ఫోను వచ్చె’. అయిదూ గలాలే, పో-ఫో యతి. నువ్వు రాసిన ‘గిన్నె’ పాదం కొట్టేయకు, కిందనే ఉండనీ. ఇది రెండో పాదం కాబట్టి పైన మూడు సూర్యులు రెండు ఇంద్రులతో ఒక పాదం కావాలి, ఫోను ఎవరి దగ్గర్నుంచి వచ్చిందో దాంట్లో చెప్పొచ్చేమో చూడు, దొరికినంత వరకు రాసి ఇక్కడ పెట్టు.