బిల్లు రాకపోతే పని ఆపేయాలా, చేస్తూనే అడగాలా?

కొత్త_కాంట్రాక్టర్:
అందరికీ నమస్కారం. రెండంతస్తుల ఇల్లు ఒకటి మెటీరియల్‌తో సహా ఒప్పుకుని కడుతున్నాను. రెండో స్లాబ్ పోశాం, క్యూరింగ్ (నీళ్లు కట్టడం) అయిపోయింది, గోడలు లేస్తున్నాయి, స్లాబ్ బిల్లు మాత్రం ఇంకా చేతికి రాలేదు. ఓనర్ చెడ్డవాడేం కాదు. ఫోన్ ఎత్తుతారు, మర్యాదగా మాట్లాడతారు, "బ్యాంకు లోన్ విడత పడగానే ఇచ్చేస్తా, వచ్చే వారం" అంటారు. ఆ వచ్చే వారం ఎప్పటికీ వచ్చే వారంగానే ఉంటోంది. స్టీలు, సిమెంటు అరువు మీద తెచ్చినవి, ఆ షాపులవాళ్లకి నేను ముఖం చాటేయాల్సి వస్తోంది. మేస్త్రీ ఏమో పని ఆపితేనే డబ్బు కదులుతుంది అంటాడు. మా నాన్నగారు ఇదే లైన్లో పనిచేసి మానేసిన మనిషి, ఆయనేమో పని మధ్యలో వదిలేసినవాణ్ని ఇంకెవరూ పిలవరు అంటారు. ఇద్దరి మాటా కొట్టిపారేయలేను. మీరైతే ఏం చేస్తారు?

సెంట్రింగ్_సత్తి:
ఆపెయ్ తమ్ముడూ, ఇందులో ఆలోచించేదేముంది. ఆయన దగ్గర డబ్బు లేకపోతే నువ్వు గోడలు కట్టినా రాదు, కట్టకపోయినా రాదు. ఉంటే, ఆపిన మర్నాడే వస్తుంది. పని సాగుతున్నంత కాలం ఎవరికైనా ముందు ఎవడు గొడవ చేస్తే వాడికే ఇవ్వాలనిపిస్తుంది, నీ బిల్లు అన్నిటికన్నా అడుగున పడి ఉంటుంది. స్లాబ్ కింద నిలబెట్టిన జాకీలు, ప్లేట్లు పీక్కుని పో, దారికి వస్తాడు.

లెవెల్‌పైపు:
సత్తి అన్నా, మీది సెంట్రింగ్ పని కాబట్టి మీకు అలా అనిపిస్తుంది. మీరు ఆపితే సామాను బండెక్కించి ఇంకో సైట్‌లో దింపుతారు, అంతే. మొత్తం ఇల్లు ఒప్పుకున్నవాడికి పని ఆగినా ఖర్చు ఆగదు. వాచ్‌మన్ జీతం ఇవ్వాలి, మిక్సర్, పరంజా అద్దెకి తెచ్చినవైతే వాటి మీటరు తిరుగుతూనే ఉంటుంది. అన్నిటికంటే పెద్ద దెబ్బ లేబర్. ముఠా ఒకసారి వేరే సైట్‌కి వెళ్లిందంటే, మీకు డబ్బు వచ్చి రమ్మని పిలిచినప్పుడు "ఈ స్లాబ్ అవనివ్వండి" అంటారు, ఆ స్లాబ్ అయ్యాక ఇంకోటి ఉంటుంది. సైట్‌లో మిగిలిన సిమెంటు బస్తాలు గాలి తగిలి మూడు నెలలు దాటితే బలం దాదాపు ఐదో వంతు పోతుందని లెక్క. పైకి వదిలిన కాలమ్ చువ్వలు తుప్పు పడతాయి. ఇవన్నీ ఓనర్ ఖాతాలో పడతాయనుకుంటారు, పడవు, మన జేబులోంచే పోతాయి.

నా పద్ధతి వేరు. పని ఆపను, మనుషుల్ని తగ్గిస్తాను. పది మంది ఉండే చోట ముగ్గురు ఉంటే ఓనర్‌కి విషయం అర్థమవుతుంది, సైట్ మీద తాళమూ పడదు, మాట కూడా చెడదు.

సెంట్రింగ్_సత్తి:
ముగ్గురితో నెల రోజులు నడిపితే ఆ ముగ్గురి కూలీ ఎవరిస్తారు? అదీ నీ జేబే కదా!

బిల్లింగ్_ఇంజినీర్:
ముందు ఒక మాట సత్తి గారికి. కోపంలో జాకీలు పీకడం అన్న సలహా ఇంకెవరికీ ఇవ్వకండి. కాంక్రీటు పనులకి మన దేశ ప్రమాణం ఐఎస్ 456 ప్రకారం స్లాబ్ స్పాన్ (కింది ఆధారాల మధ్య దూరం) 4.5 మీటర్ల లోపు అయితే జాకీలు కనీసం 7 రోజులు ఉండాలి, దాటితే 14. బీములకి 6 మీటర్ల దాకా 14, అంతకు మించితే 21. మామూలు సిమెంటుకి, మరీ చల్లగా లేని వాతావరణంలో చెప్పిన రోజులివి. బిల్లు గొడవలో ఈ లెక్క మర్చిపోయి తీసేస్తే, రేపు స్లాబ్ కుంగినప్పుడు డబ్బు ఎవరు ఎవరికి బాకీ అన్నది ఎవరూ అడగరు.

ఇక అసలు ప్రశ్న. ఆపొచ్చా అనే ముందు, ఆపే హక్కు మీకు ఉందా అని చూసుకోవాలి. చాలామంది ఉందనే అనుకుంటారు. ఇంగ్లండ్ కామన్ లా (కోర్టు తీర్పులతో ఏర్పడిన చట్టం) తీసుకోండి: డబ్బు ఆలస్యమైందన్న ఒక్క కారణంతో పని నిలిపేసే హక్కు కాంట్రాక్టర్‌కి మామూలుగా లేదు. ఒప్పందంలో ఆ మాట లేకుండా ఆపితే, ఒప్పందం మీరిందే మీరు అయిపోవచ్చు. అందుకే అక్కడ 1996లో ప్రత్యేకంగా చట్టం తెచ్చి, కనీసం 7 రోజుల నోటీసు ఇచ్చి ఆపొచ్చు అని రాశారు. అయితే సొంతంగా ఉండటానికి ఇల్లు కట్టించుకునేవాళ్ల ఒప్పందాలకి ఆ చట్టం వర్తించదు, అంటే మన తమ్ముడి లాంటి కేసు అక్కడైనా బయటే ఉండేది. అంతర్జాతీయ పనుల్లో వాడే నమూనా ఒప్పందం, ఫిడిక్ 1999 ఎర్ర పుస్తకంలో 16.1 క్లాజు చూడండి. డబ్బు రాకపోతే కనీసం 21 రోజుల నోటీసు ఇచ్చి పని ఆపొచ్చు, లేదా వేగం తగ్గించొచ్చు అని ఉంటుంది. లెవెల్‌పైపు గారు చేసేది కూడా అందులో ఉంది, కాకపోతే నోటీసుతో. దానివల్ల అయిన ఆలస్యానికి గడువు పెంచమని, ఖర్చు ఇమ్మని అడగొచ్చు. నోటీసు లేకుండా మనుషుల్ని తగ్గిస్తే, కాగితం మీద అది మీ బద్ధకం కిందే లెక్క.

తమ్ముడూ, నీ ఒప్పందంలో ఈ మాట ఉందా? దశలు ఎలా రాసుకున్నారు? ఎక్స్‌ట్రాలు, అంటే ఒప్పందంలో లేని అదనపు పనులు ఏమైనా ఉన్నాయా?

కొత్త_కాంట్రాక్టర్:
పని ఆపడం గురించి ఏమీ లేదండీ. దశలు ఇలా ఉన్నాయి: ప్లింత్ (పునాది నుంచి నేల మట్టం దాకా) 15 శాతం, మొదటి స్లాబ్ 20, రెండో స్లాబ్ 20, గోడలు 15, ప్లాస్టరింగ్ 15, ఫ్లోరింగ్ నుంచి చివరిదాకా 15. ఒక్కో దశ పూర్తయ్యాక ఇవ్వాలి. ఎక్స్‌ట్రాలంటే మెట్ల కింద ఒక బాత్రూమ్ అడిగారు, పిట్టగోడ ఎత్తు పెంచమన్నారు. వాట్సాప్‌లో మాట్లాడుకున్నాం, రేటు మాట రాలేదు.

రెండోతరం:
నేను అంకెలు మాత్రమే చెప్తాను, ఆపాలా వద్దా మీరే తేల్చుకోండి. ఈ ఇంటి మీద నీకు చివరికి మిగిలేది పది శాతం అనుకుందాం. (ఖర్చు మీద 20 వేసుకున్నాను కాబట్టి 20 మిగులుతుంది అనుకునేవాళ్లు చాలామంది ఉంటారు, బిల్లు మొత్తంలో అది 16.67 మాత్రమే, అందులోంచే ఆఫీసు, బండి, తప్పొప్పులు అన్నీ పోవాలి.) రెండో స్లాబ్ బిల్లు 20 శాతం. అంటే మొత్తం ఇంటి మీద నీ లాభానికి రెండింతలు ఇప్పుడు ఓనర్ దగ్గర ఉంది. గోడలు కూడా పూర్తిచేసి ఇస్తే 35, మూడున్నర రెట్లు. నువ్వు ఇల్లు కడుతున్నావా, ఆయనకి వడ్డీ లేని అప్పు ఇస్తున్నావా? దశ పూర్తయ్యాక డబ్బు అని రాసుకున్న ప్రతి కాంట్రాక్టరూ ఎప్పుడూ ఒక దశ మొత్తానికి సొంత డబ్బు పెడుతూనే ఉంటాడు.

స్లాబ్ దశని రెండు ముక్కలు చేసుకోవాలి. సెంట్రింగ్ కొట్టి, స్టీలు కట్టి, ఇంజినీర్ చెక్ చేసి వెళ్లాక సగం. పోసిన మర్నాడు మిగతా సగం. ఎందుకంటే కాంక్రీటు పోయకముందు ఉన్న పట్టు పోశాక ఉండదు. స్టీలు కట్టి ఉన్న స్లాబ్ చూస్తూ ఏ ఓనరూ నిద్రపోలేడు, రేపు పోయాలి అంటే డబ్బు ఎక్కడి నుంచైనా తెస్తాడు. పోసేశాక అది ఆయన ఇల్లు, నీది బాకీ. పని ఆపాల్సివచ్చినా అక్కడ ఆపితే గొడవ తక్కువ, కాంక్రీటు అసలు మొదలుపెట్టలేదు కాబట్టి ఆపాను అనే మాటే రాదు.

ఇల్లు_కట్టిస్తున్నా:
నేను కాంట్రాక్టర్‌ని కాను, ఓనర్‌ని. ఇందాకటి నుంచీ చదువుతున్నా, ఊరుకోలేక రాస్తున్నా. మీరంతా ఓనర్ డబ్బు దాచుకుని కూర్చున్నట్టు మాట్లాడుతున్నారు. మా కాంట్రాక్టర్ ప్లింత్ అయ్యేసరికి ఒప్పుకున్నదానికన్నా ఎక్కువే పట్టుకెళ్లాడు, ఆ తర్వాత మనిషి కనబడలేదు. మా అడ్వాన్సుతో వేరేవాళ్ల స్లాబ్ పోశాడని ఆయన మేస్త్రీయే మాకు చెప్పాడు. స్టీలు కట్టగానే సగం ఇమ్మంటున్నారు, ఇచ్చాక పోయకపోతే మా గతి?

ఇంకో విషయం. లోన్ మీద కట్టేవాళ్లకి విడత ఊరికే పడదు. బ్యాంకు తరఫున ఇంజినీర్ వచ్చి చూడాలి, ఎంత పని అయిందో రాయాలి, ఆయన ఫోటోలు, బిల్లు అడుగుతాడు. ఆ బిల్లు ఇవ్వాల్సింది మీరే. అబ్బాయిగారూ, మీ ఓనర్‌కి కొలతలతో బిల్లు కాగితం మీద ఇచ్చారా, ఫోన్లో అడుగుతున్నారా?

కొత్త_కాంట్రాక్టర్:
మొత్తం ఎంతో వాట్సాప్‌లో పెట్టాను మేడమ్. కొలతలతో బిల్లు ఆయన అడగలేదు.

ఇల్లు_కట్టిస్తున్నా:
నేను మేడమ్ కాదు, అయినా పర్లేదు. ఆయనకి అడగాలని తెలియకపోవచ్చు. మొదటిసారి ఇల్లు కట్టించుకునేవాళ్లకి ఇవన్నీ ఎవరు చెప్తారు?

లెవెల్‌పైపు:
ఓనర్ గారి మాటలో పాయింట్ ఉంది. ఒక సైట్ డబ్బుతో ఇంకో సైట్ నడిపేది మనవాళ్లే, అందరం కాకపోయినా. అక్కడ బిల్లు ఆగితే ఇక్కడి అడ్వాన్సు అక్కడ పెడతాం, ఇక్కడి లోటుకి మూడో పని తక్కువ రేటుకైనా ఒప్పుకుంటాం.

బిల్లింగ్_ఇంజినీర్:
పెద్ద కంపెనీలకీ ఇదే జబ్బు. బ్రిటన్‌లో కారిలియన్ అని పేరున్న నిర్మాణ సంస్థ 2018 జనవరిలో మూతపడింది. అప్పులు, బాకీలు కలిపి దాదాపు 700 కోట్ల పౌండ్లు, చేతిలో మిగిలిన నగదు 2.9 కోట్లు. సరఫరాదారులకి 120 రోజుల దాకా డబ్బు ఇవ్వకుండా నడిపించారు, లెక్కల్లో చూస్తే లాభాలు, డివిడెండ్లు. పని లేక మునిగిన కంపెనీ కాదది, చేతినిండా కాంట్రాక్టులే. కింద ఉన్న చిన్న సబ్ కాంట్రాక్టర్లు కూడా బిల్లులు రాక నష్టపోయారు. వాళ్లలోనూ ఎక్కువమంది మన తమ్ముడిలాగే పని ఆపాలా వద్దా అనుకుంటూ ఇంకొన్నాళ్లు చేసి ఉంటారు.

అందుకని సైట్‌కి ఒక ఖాతా ఉండాలి, కనీసం పుస్తకంలో అయినా. ఈ ఇంటి నుంచి ఎంత వచ్చింది, ఈ ఇంటి మీద ఎంత పెట్టాను అని ప్రతి శనివారం లేబర్ పేమెంట్ రోజే చూసుకుంటే, ఎక్కడ ఆగాలో ముందే తెలుస్తుంది. ఓనర్ గారి భయానికి కూడా అదే జవాబు, స్టీలు కట్టాక ఇచ్చిన సగం ఆ స్లాబ్ కాంక్రీటుకే వెళ్తుందని బిల్లులు చూపించగలిగితే ఎవరూ ఇవ్వనని అనరు.

సెంట్రింగ్_సత్తి:
పుస్తకాలు, క్లాజులు అన్నీ బాగున్నాయి సార్. ఆ కుర్రాడికి ఈ వారం షాపువాడికి ఏం చెప్పాలో ఎవరూ చెప్పలేదు.

కొత్త_కాంట్రాక్టర్:
ఇవన్నీ చదివి ఒక ఉత్తరం రాశాను. చూసి చెప్పండి:

"రెండో స్లాబ్ దశ పూర్తయింది. ఒప్పందం ప్రకారం ఈ దశకి రావలసిన 20 శాతానికి బిల్లు, కొలతల షీటు, ఫోటోలు జత చేస్తున్నాను. మీ బ్యాంకుకి ఇవే పనికొస్తాయి, వాళ్ల ఇంజినీర్ వచ్చిన రోజు నేను సైట్‌లో ఉంటాను. ఈ ఉత్తరం అందిన 7 రోజుల్లో చెల్లించమని కోరుతున్నాను. లేకపోతే గోడల పని లింటెల్ (తలుపులు, కిటికీల పైన వచ్చే అడ్డ దూలం) దగ్గర ఆపేస్తాను. ఆగిన రోజులు గడువుకి కలుస్తాయి. బాత్రూమ్, పిట్టగోడ ఎక్స్‌ట్రాల రేట్లు కూడా దీనితోపాటే పంపిస్తున్నాను."

బిల్లింగ్_ఇంజినీర్:
రెండు మార్పులు. "ఆపేస్తాను" తీసేసి "పని వేగం తగ్గించక తప్పదు, లింటెల్ పైకి వెళ్లడం డబ్బు అందాకే వీలవుతుంది" అని రాయి. ఒప్పందంలో ఆపే మాట లేనప్పుడు ఆ ఒక్క పదం పట్టుకుని నీ మీదికే తిప్పొచ్చు. ఇలా రాసినా పూర్తి రక్షణ ఏమీ రాదు, పంపేముందు ఒప్పందం ఒకసారి లాయర్‌కి చూపించు. రెండోది, ఎక్స్‌ట్రాలు ఈ ఉత్తరంలో కలపకు. వేరే కాగితం, వేరే తేదీ. కలిపావంటే ఆ బాత్రూమ్ రేటు మీద పేచీ మొదలవుతుంది, అది తేలేదాకా ఏ గొడవా లేని స్లాబ్ డబ్బు కూడా ఆగుతుంది. ఎక్స్‌ట్రాలకి రేటు ఒప్పుకుని సంతకం పెట్టేదాకా వాటిలో ఒక్క ఇటుక కూడా పేర్చకు, దానికి ఏ నోటీసూ అక్కర్లేదు.

రెండోతరం:
షాపువాళ్లకి ఈ బిల్లు కాపీ చూపించు. ముఖం చాటేయకు. నువ్వు కనబడుతూ ఉంటే ఇంకో పది రోజులు ఆగుతారు, కనబడకపోతే రేపే సైట్‌కి వచ్చి ఓనర్ ముందు నిలబడతారు.

సెంట్రింగ్_సత్తి:
ఏడు రోజులు దేనికి, మూడు చాలు.

ఇల్లు_కట్టిస్తున్నా:
మూడు రోజుల్లో ఏ బ్యాంకు విడత వేస్తుంది సత్తి గారూ? ఆ ఓనర్ స్థానంలో నేనుంటే పది రోజులు అడుగుతాను.